మీటర్‌లో 14.7, ట్యాంకులో ఈ20: వైడ్‌బ్యాండ్ సెన్సార్ ఏం కొలుస్తుంది, ఎలా బిగించాలి

## క్లుప్తంగా

వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ కొలిచేది ఇంజిన్ పొగలోని ఆక్సిజన్‌ని. దాని నుంచి వచ్చే అసలు ఫలితం లాంబ్డా అనే నిష్పత్తి, అంటే ఇంధనం కాలడానికి కావలసిన గాలిలో ఎంత వంతు అందిందన్నది. డాష్‌బోర్డు మీటర్‌లో కనిపించే 14.7, 12.5 వంటివి కిలో ఇంధనానికి ఎన్ని కిలోల గాలి అన్న లెక్కలో చెప్పడానికి ఆ నిష్పత్తిని ఒక స్థిరమైన అంకెతో గుణించగా వచ్చినవి. బంకులో పోసేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) అయినా మీటర్ పాత అంకెలే చూపడానికి కారణం ఇదే. రీడింగు తేడాగా ఉన్నప్పుడు సెన్సార్‌ని అనుమానించే ముందు గొట్టంలో లీకు, ఎర్త్ తీగ, స్కేలు సెట్టింగు చూడాలి. తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి.

## ఈ20 తెచ్చిన సందేహం

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో దేశంలోని కొన్ని బంకుల్లో మొదలై, 2025 నాటికి దాదాపు అంతటా మామూలు పెట్రోలు అయిపోయింది. మొదట 2030కి అనుకున్న లక్ష్యాన్ని కేంద్రం 2025-26కి ముందుకు జరిపింది. నెల్లూరు నుంచి ఒంగోలు దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద ఏ బంకులో ఆగినా ఇప్పుడు దొరికేది అదే. మైలేజీ పడిపోతోందన్న ఫిర్యాదులతో 2025 ఆగస్టులో దేశమంతా చర్చ నడిచింది. ఈ20 మీద వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబరు 1న కొట్టేసింది.

కోర్టు తీర్పుతో వాదన ముగిసినా షెడ్డుల్లో అనుమానం తీరలేదు. కార్బురేటర్ కాలపు మారుతి 800, జిప్సీలను బాగు చేయించుకుని నడిపేవాళ్లు, ఇంజిన్‌కి టర్బో తగిలించినవాళ్లు, బయటి కంపెనీ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్టించుకున్నవాళ్లు కొందరు వైడ్‌బ్యాండ్ మీటర్ బిగించుకుంటున్నారు. బిగించాక రెండు ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. ఇథనాల్ కలిస్తే అంకె మారాలి కదా, ఇంకా 14.7 దగ్గరే ఎందుకు ఆడుతోంది? మీటర్ అంతా బాగుందంటుంటే మైలేజీ ఎందుకు తగ్గింది? రెండింటికీ జవాబు సెన్సార్ పనిచేసే తీరులోనే ఉంది. అది తెలియకుండా మీటర్ చూసి కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్లు మార్చినా, ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో చెప్పే ఈసీయూ మ్యాపు దిద్దినా ఇంజిన్‌కి నష్టమే.

## పాత సెన్సార్‌కీ దీనికీ తేడా

కార్లలో ఆక్సిజన్ సెన్సార్ కొత్తదేమీ కాదు. బాష్ తయారుచేసిన మొదటి లాంబ్డా సెన్సార్ 1976లో వోల్వో కార్లలో వచ్చింది. ఆ రకాన్ని ఇప్పుడు న్యారోబ్యాండ్ అంటున్నారు. జిర్కోనియా పింగాణీకి ఒకవైపు పొగ, మరోవైపు బయటి గాలి తగులుతాయి. రెండువైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడాను బట్టి చిన్న వోల్టేజీ పుడుతుంది. పెట్రోలు ఎక్కువైతే, అంటే రిచ్ అయితే, సుమారు 0.9 వోల్ట్. తక్కువై లీన్ అయితే 0.1 వోల్ట్. మధ్యలో 0.45 దగ్గర నిట్టనిలువుగా దూకుతుంది. పాత తక్కెడ ముల్లులాగా ఎటువైపు మొగ్గిందో చెబుతుంది, ఎంత మొగ్గిందో చెప్పదు. రోడ్డు మీద నడిచే కారుకి అది సరిపోయింది. ఈసీయూ కాస్త పెట్రోలు పెంచుతూ, కాస్త తగ్గిస్తూ ఆ గీత మీదే ఊగుతూ ఉంటుంది.

ఎంత మొగ్గిందో కూడా తెలియాల్సిన అవసరం మొదట లీన్‌బర్న్ ఇంజిన్లకు, అంటే కావాలనే లీన్ మిశ్రమంతో నడిచేవాటికి వచ్చింది. 1992 హోండా సివిక్ వీఎక్స్‌లో అలాంటి వైడ్‌బ్యాండ్ సెన్సార్ వాడారు. ఇప్పుడు బయట మార్కెట్లో ఎక్కువగా కనిపించేది బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9. దానికి ముందు తరం 4.2.

వీటిలో పింగాణీ పొరల మధ్య ఒక సన్నని గది ఉంటుంది. అతి చిన్న రంధ్రం గుండా పొగ అందులోకి చేరుతుంది. పాత సెన్సార్ లాంటి ఒక సెల్ ఆ గదిలో ఆక్సిజన్ ఎంతుందో చూస్తుంటే, రెండో సెల్ పంపులా పనిచేస్తుంది. కరెంటు ఒక దిక్కున పారితే గదిలోని ఆక్సిజన్‌ని బయటికి తోస్తుంది, ఎదురుదిక్కున పారితే లోపలికి లాగుతుంది. మొదటి సెల్ వోల్టేజీని ఎప్పుడూ 450 మిల్లీవోల్ట్‌ల దగ్గర నిలబెట్టడమే సెన్సార్‌ని నడిపే కంట్రోలర్ పని. అలా నిలబెట్టడానికి పంపుకి ఎంత కరెంటు ఇవ్వాల్సి వచ్చిందన్నదే కొలత. లీన్ అయితే కరెంటు ఒకవైపు, రిచ్ అయితే రెండోవైపు. కాలడానికి కావలసిన గాలి, ఇంధనం సరిగ్గా సరిపోయినప్పుడు పంపు కరెంటు సున్నా.

ఈ సున్నా విషయం గుర్తుంచుకోవాలి. తర్వాత కాలిబ్రేషన్ దగ్గర పనికొస్తుంది.

## 14.7 ఎక్కడి నుంచి వచ్చింది

సరిగ్గా సరిపోయిన స్థితిని లాంబ్డా 1 అంటారు. 0.85 అంటే కావలసిన గాలిలో 85 శాతమే ఉంది, మిశ్రమం రిచ్. 1.10 అంటే 10 శాతం గాలి అదనం, మిశ్రమం లీన్. ఇంధనం ఏదైనా ఈ అర్థం మారదు. మారేది ఆ స్థితికి చేరడానికి కిలో ఇంధనానికి ఎన్ని కిలోల గాలి కావాలన్నది. ఇథనాల్ కలవని పెట్రోలుకి సుమారు 14.7 కిలోలు. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి 9 కిలోలు చాలు. ఆ లెక్కన ఈ10కి 14.1, ఈ20కి 13.5 దాకా వస్తుంది. సీఎన్‌జీకి సుమారు 17.2.

సెన్సార్‌కి ఈ తేడాలేవీ తెలియవు. అది లాంబ్డా ఇస్తుంది, మీటర్ లోపలి చిప్ దాన్ని 14.7తో గుణించి తెర మీద చూపుతుంది. ట్యాంకులో ఈ20 ఉండగా మీటర్ 14.7 అంటే నిజంగా లోపలికి వెళ్తున్నది కిలో ఇంధనానికి 13.5 కిలోల గాలి, లాంబ్డా 1. మిశ్రమం సరిగ్గానే ఉంది. సీఎన్‌జీ కిట్ పెట్టించిన కారు గ్యాస్ మీద నడుస్తున్నప్పుడు కూడా మీటర్ 14.7నే చూపుతుంది, 17.2 చూపదు. ఇక్కడ జరిగే ప్రమాదకరమైన పొరపాటు ఒకటుంది. ఈ20కి 13.5 అని ఎక్కడో చదివి, పెట్రోలు స్కేలులో ఉన్న మీటర్‌ మీద 13.5 వచ్చేదాకా మిశ్రమాన్ని రిచ్ చేసేస్తారు. అది లాంబ్డా 0.92. అలా నడిపితే పెట్రోలు దండగ, మసి ఎక్కువ, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయకపోవడం అదనం.

మీటర్‌లో లాంబ్డా స్కేలు ఉంటే దానికి మార్చుకోవడం మేలు. ఈ గొడవంతా ఒక్క బటన్‌తో పోతుంది. అలవాటైన అంకెలు వదలడం కష్టమనుకునేవాళ్లు 14.7 స్కేలునే ఉంచుకుని, ఏ ఇంధనమైనా అదే లక్ష్యంగా చూసుకోవచ్చు.

మైలేజీ సంగతి వేరు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలుతో పోలిస్తే సుమారు మూడోవంతు తక్కువ. లాంబ్డా 1 దగ్గరే నడవాలంటే ఇంజెక్టర్లు ఎక్కువ సేపు తెరుచుకోవాలి, ఎక్కువ లీటర్లు కాలాలి. మామూలు పెట్రోలుకి తయారై ఈ10కి ట్యూన్ చేసిన కార్లలో ఈ20 వల్ల మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. మీటర్ అంతా బాగుందని చెప్పడం, మైలేజీ తగ్గడం రెండూ నిజమే.

ఇంజెక్షన్ ఉన్న కార్లలో ఈ దిద్దుబాటు దానంతటదే జరుగుతుంది. ఈ10కి సరిపెట్టిన ఈసీయూ ఈ20 రాగానే పెట్రోలుని సుమారు 4 శాతం పెంచుకుంటుంది. స్కానర్ తగిలిస్తే ఫ్యూయల్ ట్రిమ్ అనే గడిలో ఈ పెంపు కనిపిస్తుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు. ఇథనాల్ లేని పెట్రోలుకి లాంబ్డా 1 దగ్గర అమర్చిన జెట్టు ఈ20తో సుమారు 1.08కి వెళ్తుంది. మీటర్‌లో అది 15.9గా కనిపిస్తుంది. పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం, యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ తడబడడం అక్కడి నుంచే. వైడ్‌బ్యాండ్ మీటర్ నిజంగా అక్కరకొచ్చేది ఈ బళ్లకే.

## గొట్టంలో ఎక్కడ పెట్టాలి

బిగింపులో వెల్డింగ్ పని చిన్నది, చోటు ఎంచుకోవడం పెద్దది. సిలిండర్ల పొగని ఒకచోట కలిపే మానిఫోల్డ్‌కి మరీ దగ్గరగా పెడితే పొగ వేడికి సెన్సార్ అతిగా కాగుతుంది. ఎల్‌ఎస్‌యూ 4.9 పింగాణీ 780 డిగ్రీల సెల్సియస్ దగ్గర పనిచేయాలి. కంట్రోలర్ లోపలి హీటర్‌ని పెంచుతూ తగ్గిస్తూ ఆ వేడిని కాపాడుతుంది. పొగే అంతకన్నా ఎక్కువ వేడి పెడితే హీటర్‌ని పూర్తిగా ఆపినా లాభం లేదు. రీడింగు జారుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. మరీ వెనక్కి, టెయిల్‌పైపు కొసకి పెడితే బయటి గాలి గొట్టంలోకి వెనక్కి తన్ని లీన్ అని చూపుతుంది. టర్బో లేని కార్లలో ఎగ్జాస్ట్ పోర్టుల నుంచి సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో, క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు పెట్టడం ఎక్కువ మంది పాటించే పద్ధతి. టర్బో ఉంటే టర్బో దాటాక పెట్టాలి. ముందు పెడితే అక్కడి పీడనం వల్ల పంపు కరెంటు పెరిగి, రిచ్‌ని మరింత రిచ్‌గా, లీన్‌ని మరింత లీన్‌గా చూపిస్తుంది. క్యాట్ (క్యాటలిటిక్ కన్వర్టర్) తర్వాత పెడితే అప్పటికే అక్కడ మిగిలిన ఇంధనం, ఆక్సిజన్ కలిసి కాలిపోయి ఉంటాయి, అది ఇంజిన్ మాట కాదు.

గొట్టం చుట్టుకొలతలో ఏ వైపు అన్నది కూడా ముఖ్యమే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పొగలోని ఆవిరి గొట్టంలో నీళ్లై అడుగున నిలుస్తుంది. కాగిన పింగాణీకి చుక్క తగిలితే చిట్లిపోతుంది. అందుకే సెన్సార్ మూతి కిందికి ఉండేలా, అడ్డగీతకి కనీసం 10 డిగ్రీల పైకి వంచి పెట్టాలి. గడియారం ముళ్ల లెక్కన 10కీ 2కీ మధ్య ఎక్కడైనా సరే. నెల్లూరు జిల్లాకి వానలు ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వాయుగుండం పట్టిన రోజున మోకాటి లోతు నీళ్లున్న అండర్‌బ్రిడ్జి దాటే కారుకి, గొట్టం పక్కన తక్కువ ఎత్తులో వేలాడే సెన్సార్ ఉంటే లోపలి నీటికన్నా బయటి నీరే ముందు ముప్పు తెస్తుంది.

సెన్సార్ మర 18 మిల్లీమీటర్లు, పిచ్ 1.5. దానికి తగ్గ మర నట్టు లేత్ షెడ్డులో ఎవరైనా చేసిస్తారు. గొట్టంతో సరిపడే లోహమైతే వెల్డింగ్ పగుళ్లివ్వదు. వెల్డింగ్ వేడికి మర వంకరపోకుండా పాత సెన్సార్‌నో, అదే కొలత బోల్టునో బిగించి వెల్డ్ చేయాలి. కొత్త సెన్సార్ అందులో ఉండగా మాత్రం వెల్డ్ చేయకూడదు. బ్యాటరీ తీగ విప్పాకే వెల్డింగ్ మొదలుపెట్టాలి. ఇది చాలాచోట్ల జరగదు, తర్వాత ఈసీయూ పోయిందని లబోదిబోమంటారు. చివరి బిగింపు 40 నుంచి 60 న్యూటన్ మీటర్లు. కొత్త సెన్సార్ మరకి పట్టేయకుండా పూసిన పేస్టు కంపెనీ నుంచే వస్తుంది. పైన గ్రీజు, తుప్పు వదిలించే నూనె రాయకూడదు.

## లీకు చేసే మోసం

సెన్సార్‌కి ముందు గొట్టంలో ఎక్కడ సన్నని చీలిక ఉన్నా మీటర్ లీన్ చూపుతుంది. పొగ ఎప్పుడూ ఒకే ఒత్తిడితో రాదు. వాల్వు తెరిచినప్పుడల్లా ఒక తోపు, మధ్యలో ఒక లాగుడు. ఆ లాగుడులో చీలిక గుండా బయటి గాలి లోపలికి దూరుతుంది. ఐడిల్‌లో దీని ప్రభావం బాగా ఎక్కువ, వేగం పెరిగితే తగ్గుతుంది. ఐడిల్‌లో 16 చూపి, 3000 ఆర్‌పీఎమ్‌లో 14.7కి వచ్చేస్తుంటే మొదటి అనుమానం మానిఫోల్డ్ గాస్కెట్ మీద పడాలి. ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, సైలెన్సర్ కొసకి తడిగుడ్డ అడ్డం పెట్టి ఒక్క క్షణం వింటే బుస్సుమనే చోటు దొరుకుతుంది. చీమకుర్తి క్వారీ దారుల్లాంటి చోట రాళ్లు తగిలి గొట్టం అతుకులు వదులయ్యే కార్లకి ఈ పరీక్ష కాలిబ్రేషన్ కంటే ముందు చేయాలి.

మిస్సింగ్ కూడా ఇలాంటి మోసమే. ఒక సిలిండర్‌లో ప్లగ్గు కాల్చకపోతే ఆ గాలిలోని ఆక్సిజన్ మొత్తం అలాగే బయటికి వస్తుంది. పెట్రోలు కూడా వస్తుంది గానీ సెన్సార్ దాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకోలేదు. ఫలితం లీన్. అది చూసి పెట్రోలు పెంచితే తడిసిన ప్లగ్గు ఇంకా తడుస్తుంది.

## తీగలు

ఎల్‌ఎస్‌యూ 4.9 ప్లగ్గుని చేతిలోకి తీసుకుని చూస్తే సెన్సార్ నుంచి వచ్చే తీగలు ఐదే, పిన్నులు మాత్రం ఆరు. ఆరోది ప్లగ్గు లోపల దాగిన చిన్న రెసిస్టర్‌కి. ఏ రెండు సెన్సార్లూ అచ్చం ఒకేలా తయారు కావు. అందుకే ఫ్యాక్టరీలో ఒక్కోదాన్ని కొలిచి, దాని స్వభావానికి సరిపడా ఆ రెసిస్టర్‌ని లేజర్‌తో చెక్కుతారు. కంట్రోలర్ ఆ విలువ చదివి కరెంటు లెక్కని సరిచేసుకుంటుంది. తీగ పొడవు చాలలేదని ప్లగ్గు కోసేసి టేపు చుట్టడం ఆటో ఎలక్ట్రీషియన్లకి చెయ్యి తిరిగిన పని. ఇక్కడ అది సెన్సార్ జాతకాన్ని కోసి పారేయడమే. పొడవు కావాలంటే కంట్రోలర్‌తో వచ్చే ఎక్స్‌టెన్షన్ కేబుల్ వాడాలి. మైపాడు, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలిలో తిరిగే కార్లలో ఈ ప్లగ్గు పిన్నులకి పచ్చటి తుప్పు పట్టకుండా రబ్బరు సీలు సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవాలి. అక్కడ మారే కొద్దిపాటి నిరోధం కూడా ఆ రెసిస్టర్ విలువలో కలిసిపోతుంది.

హీటర్ మొదలయ్యేటప్పుడు కరెంటు గట్టిగానే లాగుతుంది కాబట్టి కరెంటు స్టీరియో తీగ నుంచి కాకుండా కీ తిప్పితే వచ్చే రిలే నుంచి, తయారీదారు చెప్పిన ఫ్యూజుతో తీసుకోవాలి. మీటర్ అక్కర్లేనప్పుడు ఆపుకోవడానికి వేరే స్విచ్చి పెట్టించుకోవడం ఇంకో సరదా. ఇంజిన్ నడుస్తుండగా చల్లగా పడి ఉన్న సెన్సార్‌ని మసి కప్పేస్తుంది. గొట్టంలో సెన్సార్ ఉన్నంతకాలం అది కాగుతూనే ఉండాలి. కొన్నాళ్లు మీటర్ తీసేయాలనుకుంటే సెన్సార్ విప్పి బోల్టుతో మూసేయాలి.

సిలికాన్ గాస్కెట్ పేస్టు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కొన్ని రకాల పేస్టుల ఆవిరి ఇంజిన్‌లోకి వెళ్లి, కాలి, పింగాణీ మీద గాజు పొరలా పేరుకుంటుంది. ఇంజిన్ పని చేయించేటప్పుడు ఆక్సిజన్ సెన్సార్‌కి హాని లేదని డబ్బా మీద రాసి ఉన్న పేస్టే అడిగి వాడించుకోవాలి. ఆయిల్ తాగే పాత ఇంజిన్‌లో సెన్సార్ ఎక్కువ కాలం బతకదు.

## కాలిబ్రేషన్ పేరుతో మూడు పనులు

షెడ్డులో కాలిబ్రేషన్ అనే మాట మూడు వేర్వేరు పనులకి వాడతారు. ఒకటి సెన్సార్‌ని కంట్రోలర్‌కి సరిపెట్టడం. రెండోది కంట్రోలర్ ఇచ్చే వోల్టేజీని ఈసీయూకి అర్థమయ్యేలా చేయడం. మూడోది ఆ రీడింగు చూసి ఈసీయూలో పెట్రోలు మ్యాపు దిద్దడం. మొదటి రెండూ తేలకుండా మూడోదానికి దూకడం వల్లే ఇంజిన్లు పోతాయి.

మొదటి పనిలో రెండు పద్ధతులున్నాయి. కొన్ని కంట్రోలర్లు ప్లగ్గులోని రెసిస్టర్ మీదే ఆధారపడతాయి, వాటికి బయట చేయాల్సిందేమీ లేదు. మరికొన్ని స్వచ్ఛమైన గాలిలో కాలిబ్రేషన్ అడుగుతాయి. సెన్సార్‌ని గొట్టం నుంచి విప్పి, ఆరుబయట వేలాడదీసి, కాగనిచ్చి, మాన్యువల్‌లో చెప్పినట్టు బటన్ నొక్కితే కంట్రోలర్ ఆ గాలిని 20.9 శాతం ఆక్సిజన్‌గా గుర్తు పెట్టుకుంటుంది. ఆ గాలి నిజంగా గాలై ఉండాలన్నదే షరతు. పక్కన ఇంకో బండి స్టార్ట్‌లో ఉన్న షెడ్డు, పెట్రోలుతో విడిభాగాలు కడిగే మూల దీనికి పనికిరావు. కాగిన సెన్సార్‌ని నేల మీద పెట్టకూడదు, మూతి ముట్టుకోకూడదు.

కోస్తా తేమ దీన్ని చెడగొడుతుందా అన్న ప్రశ్నకి లెక్క వేసి చూడొచ్చు. నెల్లూరులో 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న పొద్దున గాలిలో నీటి ఆవిరే 4 శాతానికి దగ్గరగా ఉంటుంది. ఆ మేరకు ఆక్సిజన్ 20.9 నుంచి సుమారు 20.2కి పడుతుంది. గిద్దలూరు వైపు పొడి మధ్యాహ్నం, 42 డిగ్రీలు, 20 శాతం తేమ అనుకుంటే 20.6 దగ్గర ఉంటుంది. 20.2ని 20.9 అనుకున్న కంట్రోలర్ ప్రతి కరెంటునీ మూడున్నర శాతం పెంచి చదువుతుంది. పైన చెప్పిన సున్నా ఇక్కడ పనికొస్తుంది. లాంబ్డా 1 దగ్గర కరెంటే లేదు కాబట్టి పెంచడానికి ఏమీ ఉండదు, తప్పు సున్నా. 0.85 దగ్గర తేడా లాంబ్డాలో 0.005 వరకు, పెట్రోలు స్కేలులో 0.1 కూడా ఉండదు. కాబట్టి తేమ గురించి టెన్షన్ అక్కర్లేదు, పక్క బండి పొగ గురించి పడాలి.

రెండో పనిలోనే అసలు నష్టాలు జరుగుతాయి. చాలా కంట్రోలర్లు ఈసీయూకి 0 నుంచి 5 వోల్ట్‌ల సంకేతం పంపుతాయి. ఏ వోల్ట్‌కి ఏ అంకె అన్నది కంపెనీకి ఒకలా ఉంటుంది. ఇన్నోవేట్ కంట్రోలర్లు మామూలుగా 0 వోల్ట్‌ని 7.35గా, 5 వోల్ట్‌లని 22.39గా పంపుతాయి. ఏఈఎమ్ ఎక్స్ సిరీస్‌లో వోల్టేజీని 2.375తో గుణించి 7.3125 కలపాలి. ఇంజిన్ 12.5 దగ్గర నడుస్తోందనుకుందాం. మొదటి కంపెనీ కంట్రోలర్ 1.71 వోల్ట్‌లు పంపుతుంది. ఈసీయూలో పొరపాటున రెండో కంపెనీ సూత్రం ఎక్కించి ఉంటే అది 11.4గా చదువుతుంది. మరీ రిచ్‌గా ఉందని ట్యూనర్ పెట్రోలు కోసేస్తాడు, తెర మీద 12.5 వచ్చేసరికి ఇంజిన్ నిజానికి 14 దాకా పోయి ఉంటుంది. ఫుల్ థ్రాటిల్‌లో, మే నెల ఎండలో, టర్బో ఇంజిన్‌కి అది పిస్టన్ కరిగే దారి.

సూత్రం సరిగ్గా ఉన్నా ఎర్త్ దగ్గర ఇంకో తప్పు పుడుతుంది. కంట్రోలర్ ఎర్త్‌ని రేడియేటర్ ఫ్యాను దగ్గర బాడీకి, ఈసీయూ ఎర్త్‌ని ఇంజిన్ బ్లాకుకి ఇచ్చారనుకోండి. ఏసీ, ఫ్యాను రెండూ తిరుగుతున్నప్పుడు ఈ రెండు చోట్ల మధ్య 0.08 వోల్ట్ తేడా వస్తే చాలు, 12.5 కాస్తా 12.74 అవుతుంది. ఏసీ ఆపితే మళ్లీ సరిపోతుంది. ఏసీ వేసినప్పుడల్లా మిశ్రమం మారుతోందని ఇంజిన్‌లో తప్పు వెతుకుతుంటారు, తప్పు ఉన్నది ఒక తీగ చివర. ఈసీయూ సెన్సార్లకి ఎక్కడ ఎర్త్ ఉందో కంట్రోలర్ సంకేతపు ఎర్త్ కూడా అక్కడికే వెళ్లాలి. హీటర్ ఎర్త్ వేరుగా ఉంటే దాన్ని బ్లాకుకి ఇవ్వాలి. మీటర్ తెర మీది అంకెనీ, ల్యాప్‌టాప్‌లో ఈసీయూ చూపే అంకెనీ ఐడిల్‌లో ఒకసారి, కాస్త రిచ్‌గా ఉన్నప్పుడు ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే స్కేలు తప్పు, ఎర్త్ తప్పు రెండూ బయటపడతాయి. రెండు చోట్లా ఒకే తేడా ఉంటే ఎర్త్. తేడా మారుతూ ఉంటే స్కేలు. ఈసీయూకి కంట్రోలర్ నుంచి డిజిటల్‌గా, క్యాన్ అనే డేటా తీగల మీద సమాచారం వెళ్లే ఏర్పాటు ఉంటే ఈ బాధే ఉండదు.

## అంకెలు ఎలా చదవాలి

మామూలుగా పోతున్నప్పుడు లాంబ్డా 1 దగ్గర. గట్టిగా తొక్కినప్పుడు టర్బో లేని పెట్రోలు ఇంజిన్‌కి 0.85 నుంచి 0.90, టర్బోకి ఇంకొంచెం రిచ్. పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసినప్పుడు కొద్ది సేపు రిచ్‌గా ఉండడం సహజం.

కొత్తగా మీటర్ పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా కంగారుపడేది యాక్సిలరేటర్ వదిలినప్పుడు. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే నల్లమల ఘాట్‌లో గేరులో దిగుతుంటే మీటర్ ఒక్కసారిగా లీన్ చివరికి తగులుకుని అక్కడే ఉండిపోతుంది. ఇంజెక్షన్ కార్లలో ఆ సమయంలో ఈసీయూ పెట్రోలుని పూర్తిగా ఆపేస్తుంది. సిలిండర్ల గుండా వచ్చేది ఉట్టి గాలి. ఇందులో ఒక ఉపయోగం ఉంది. ఆక్సిజన్ శాతం చూపే మీటర్ అయితే ఆ దిగుడులో 20, 21 మధ్య చూపాలి. ఏడాది గడిచాక అదే దిగుడులో 18, 19 దగ్గర ఆగిపోతుంటే సెన్సార్ మందగించిందని అర్థం. విప్పకుండా చేసే పరీక్ష ఇది. కార్బురేటర్ కారులో ఇది కుదరదు, అక్కడ ఐడిల్ జెట్టు నుంచి పెట్రోలు వస్తూనే ఉంటుంది.

## ఎవరికి అవసరం, చట్టం ఎక్కడ అడ్డొస్తుంది

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కాలుష్య ప్రమాణం) కార్లలో చాలావాటికి క్యాట్‌కి ముందు ఉన్న సెన్సార్ కంపెనీ నుంచే వైడ్‌బ్యాండ్. అలాంటి కారుకి ఇంకో నట్టు వెల్డ్ చేయించడం అనవసరం. ఈసీయూ సమాచారం చదవడానికి కారులో ఉండే ఓబీడీ సాకెట్‌కి చిన్న స్కానర్ తగిలిస్తే లాంబ్డా, ఫ్యూయల్ ట్రిమ్ రెండూ ఫోన్‌లోనే కనిపిస్తాయి. ఈ20 మీద అనుమానం తీర్చుకోవడానికి అది చాలు. వారంటీలో ఉన్న కారు గొట్టానికి రంధ్రం చేస్తే తర్వాత వచ్చే ప్రతి మరమ్మతుకీ వాదన తప్పదు.

సెన్సార్ పెట్టడం వేరు, దాని పేరు చెప్పి క్యాట్ తీసేసి ఖాళీ గొట్టం వేయించడం వేరు. కంపెనీ నిర్దేశించిన వివరాలకి భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మరింత గట్టిగా చెప్పింది.

కాలుష్య తనిఖీలో ఈ లెక్క ఎలాగూ బయటపడుతుంది. బీఎస్4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకి ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించకూడదు. 2500 ఆర్‌పీఎమ్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం లోపు, లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. తనిఖీ యంత్రం గొట్టం పెట్టేది సైలెన్సర్ కొసకి కాబట్టి మధ్యలో ఏ అతుకు వదులైనా లోపలికి దూరిన గాలి లాంబ్డాని 1.03 దాటిస్తుంది. డాష్‌బోర్డు మీటర్‌లో లాంబ్డా 1 ఉండి, తనిఖీ కాగితంలో 1.06 వస్తే చూడాల్సింది ఆ రెండింటి మధ్య ఉన్న గొట్టాన్నే.